సాంకేతిక సంచారం: చేతి ఆటయంత్రం, దాని పరివారం

గత సంచికలో ఈ శీర్షిక క్రింద ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షలను గురించి వ్రాశాము. అది వెలువడిన కొద్దిరోజులకు ఒక సహోద్యోగి సతీమణి కాలనీలో ఎదురుపడి, "మీరు వ్రాసేది మావారికి ముందే తెలిసినది, మాకు ఇంట్లో అక్కరలేనిది. ఇక చదివేదెవరండీ?" అని అడిగారు. మాకు సమాధానం తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచించినకొద్దీ ఆమె మాటలో న్యాయమున్నదనే అనిపించింది.

ఇంతలో మా క్వార్టరుకు సున్నాలు వేయడానికి మనుషులు వచ్చారు. అటక మీది సామానంతా హాలులోకి దిగింది. అందులో ఒక బాటా చెప్పుల అట్టపెట్టె కనబడినది. విప్పి చూడగా అరచేతిలో ఇమిడే ఊదారంగు ఆటయంత్రం, మెడ వంచిన పాములా ఒక చిన్న దీపం, రెండు మూరల తీగ, పసుపురంగు కార్ట్రిడ్జి ఒకటి, వీటన్నింటి అడుగున నల్లని బ్యాటరీ ఎలిమినేటరు. ఎలిమినేటరుకు ఒక తెల్లని పట్టీ అతికించి, దాని మీద పెన్సిలుతో ఏదో వ్రాసి ఉన్నది. ఆ వ్రాత సంగతి తరువాత మనవి చేస్తాము. ఈ నెల మన విహారం ఈ పెట్టెలోనే.

ఆ యంత్రం పేరు గేమ్ బాయ్ కలర్. జపాను దేశపు నింటెండో సంస్థ 1998లో విడుదల చేసినది. దీని పూర్వీకుడైన మొదటి గేమ్ బాయ్ 1989 ఏప్రిల్‌లో పుట్టింది. దానిని రూపొందించిన బృందానికి నాయకుడు గుంపే యొకోయ్. వీరి చరిత్ర మన వంటి సంస్థలలో పనిచేసేవారు తెలుసుకోదగినది. క్యోటో నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయనకు అప్పగించిన పని, పేకముక్కలు తయారుచేసే యంత్రాల మరమ్మతు. నింటెండో అప్పటికి పేకముక్కల సంస్థయే. పని లేని సమయంలో ఆయన సరదాకు చేసుకున్న ఒక చెక్క బొమ్మ యజమాని కంటబడగా, అది 1966లో అమ్మకపు సరుకై కూర్చున్నది. మెయింటెనెన్సు విభాగం వారిని చులకనగా చూసే మిత్రులు ఈ వాక్యాన్ని మరొకసారి చదువుకోవలసినదిగా ప్రార్థన.

యొకోయ్ గారికి ఒక సిద్ధాంతం ఉండేది. సరికొత్త సాంకేతికత వెంట పరుగెత్తక, వాడి వాడి పాతబడినదాన్ని, చవుకైనదాన్ని, గుణదోషాలన్నీ తెలిసినదాన్ని తీసుకుని, దానితో ఎవరికీ తోచని పని చేయించడం. గేమ్ బాయ్ తెరలో రంగులు లేవు. పచ్చదనం కలిసిన బూడిదరంగులో నాలుగు ఛాయలు మాత్రమే. అడ్డంగా 160, నిలువుగా 144, మొత్తం 23,040 చుక్కలు. అన్నింటికంటె పెద్ద లోపం, తెరకు వెనుక దీపం లేదు. బయటి వెలుతురు పడితేనే బొమ్మ కనబడుతుంది.

ఈ లోపం తెలిసి తెలిసీ ఎందుకు ఉంచారన్న ప్రశ్నకు సమాధానం విద్యుత్ లెక్కలలో ఉన్నది. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచే ఆ యంత్రం తీసుకునే శక్తి ఒక వాటు కంటె తక్కువ. మంచి ఆల్కలైన్ సెల్లులు వేస్తే పది పదిహేను గంటలైనా ఆడేది. 1990లో సెగా సంస్థ గేమ్ గేర్ అనే పోటీ యంత్రాన్ని తెచ్చింది. రంగుల తెర, దాని వెనుక ఫ్లోరసెంటు దీపం. చూడముచ్చటగా ఉండేది. కాని దానికి ఆరు సెల్లులు కావలసివచ్చేవి, అవి కూడా మూడు నుండి అయిదు గంటలలో నీరసించేవి. సుమారు మూడు వాట్లు తినే ఆ యంత్రానికి దీపమే భారమైనది. ఎవరెడీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న మన కలకత్తాలో ఎర్ర సెల్లుకు కొదవ లేదు. కాని ఆ జింక్-కార్బన్ సెల్లు దాచుకోగల శక్తి ఆల్కలైన్ దానిలో సగానికి చాలా తక్కువ. గేమ్ గేర్‌ను ఆ సెల్లులతో పోషించడం మధ్యతరగతి తండ్రికి అయ్యే పని కాదు. బజారులో గెలిచినది దీపం లేనిదే.

అయితే చీకటి చీకటే కదా. యొకోయ్ వదలివేసిన దీపాన్ని అమ్మడానికి ఇతరులు బయలుదేరారు. విక్ టోకాయ్ వారి లైట్ బాయ్ అనే సాధనం తెర మీద భూతద్దాన్నీ, పక్కన చిన్న దీపాలనూ అమర్చేది. దానికి మరల వేరే సెల్లులు. హ్యాండీ బాయ్ అనే మరొకటి ఇంకా ముందుకు పోయి దీపం, భూతద్దం, రెండు స్పీకర్లు, మీటలకు ఒక పిడి, అన్నీ ఒకేసారి తగిలించేది. అవన్నీ తొడిగిన తరువాత జేబులో పట్టే యంత్రం జేబులో పట్టదు. పెండ్లికుమారునికి తలపాగా, బాసికం, దండ, కత్తి అన్నీ తగిలించాక అసలు మనిషి కనబడనట్లు అని మా శ్రీమతి వ్యాఖ్య.

మా పెట్టెలోని పాము దీపం వీటికంటె తెలివైనది. నైకో సంస్థ వర్మ్ లైట్ అన్న పేరుతో ప్రసిద్ధిలోకి తెచ్చిన రకం. ప్రత్యేకంగా సెల్లులు అక్కరలేదు. రెండు యంత్రాలను కలిపే తీగ కోసం ఉంచిన రంధ్రంలో సన్నని విద్యుత్తు కూడా లభిస్తుందని ఎవరో గమనించి, దానికే దీపాన్ని తగిలించారు. ఒక పని కోసం చేసిన ద్వారాన్ని మరొక పనికి వాడుకోవడం. యొకోయ్ సిద్ధాంతాన్ని పరాయి సంస్థవారు ఆయన యంత్రం మీదనే ప్రయోగించారన్నమాట!

2002 ఏప్రిల్‌లో మా బావమరిది అమెరికా నుండి వస్తూ ఈ యంత్రాన్ని, దీపాన్ని, తీగను, పోకెమాన్ ఎల్లో అనే ఆటను మేనకోడలికి తెచ్చాడు. అమ్మాయికి అప్పుడు ఎనిమిదేండ్లు. ఆ వేసవిలో హౌరాలో కోరమాండల్ ఎక్కి విశాఖపట్టణం పోతూ ఉండగా, రాత్రి బోగీలో దీపాలార్పిన తరువాత పై బెర్తులో దుప్పటి క్రింద ఈ పాము దీపం వెలగడం చూశాము. ఒరిస్సా అంతా దాటేవరకు ఆ వెలుగు ఆరలేదు. పడుకోమని గదమాయించబోయి, ఎందుకో ఊరుకున్నాము.

ఇక తీగ సంగతి. ఈ అనుబంధ సాధనాలన్నిటిలో మా దృష్టిలో గొప్పది ఇదే. రెండు యంత్రాలను కలిపే ఈ తీగలో సమాచారం ఒకదాని వెనుక ఒకటిగా, సెకనుకు 8,192 బిట్ల వేగంతో పోతుంది. రెండింటిలో ఒకటి తాళం వేస్తుంది, రెండవది ఆ తాళానికి అడుగు కలుపుతుంది. వేగం ఇంతేనా అని నేటి పిల్లలు నవ్వవచ్చు. మేము ఉద్యోగంలో చేరిన రోజులలో హైటెన్షన్ తీగల మీదుగా ఉపకేంద్రాల కొలతలను సెకనుకు కొన్ని వందల బిట్ల వేగంతో పంపుకుని సంతోషించినవారము మేము. మొదట్లో ఈ తీగ టెట్రిస్ వంటి ఆటలలో ఇద్దరు పోటీ పడడానికే ఉపయోగపడింది. 1990లో నలుగురిని కలిపే సాధనం కూడా వచ్చింది. దాని అసలు మహిమను గ్రహించినవారు సతోషి తజిరి. చిన్ననాడు పురుగులను పట్టి పెంచిన ఆయనకు, ఆ తీగ మీద పురుగులు ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ప్రాకిపోతున్నట్లు తోచినదట. 1996లో వచ్చిన పోకెమాన్ ఆటకు మూలం ఆ ఊహయే. పిల్లలు జంతువులను పట్టి, పెంచి, తీగ ద్వారా ఇచ్చిపుచ్చుకోవాలి. ఒక్క కార్ట్రిడ్జితో జంతువులన్నీ దొరకవు, స్నేహితుడు కావలసిందే.

మా రెండవ అంతస్తులో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. వారి అబ్బాయి వద్ద దుబాయి నుండి వచ్చిన పాత, లావుపాటి గేమ్ బాయ్ ఉన్నది. కాని తీగ కుదరలేదు. 1996లో సన్నని గేమ్ బాయ్ పాకెట్ తెచ్చినప్పుడు సంస్థవారు రంధ్రాన్ని చిన్నది చేశారు. పాత మొగకొన కొత్త రంధ్రంలో దూరదు. వారే మరల ఒక జోడింపు ముక్కను అమ్మారు. దానికోసం పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్టు, మెట్రో గలీ, చాందినీ తిరిగాము. మూడవ ఆదివారం చాందినీలో దొరికినది. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, ఒకరికి తెలుగు రాక, ఒకరికి బెంగాలీ సగమే వచ్చి, ఏవో రెండు జంతువులను మార్చుకున్నారు. మార్పిడి ముగిసేదాకా తీగను కదలనీయరాదని ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్న దృశ్యం మాకు ఇప్పటికీ కండ్లకు కట్టినట్లే ఉన్నది.

చెప్పక తప్పని భాగానికి వచ్చాము.

సెల్లుల ఖర్చు చూసి, ఇంట్లో గోడ నిండా విద్యుత్తు ఉండగా ఇదేమి దుబారా అని, 2002 అక్టోబరులో ఒక బ్యాటరీ ఎలిమినేటరు కొన్నాము. మూడు నుండి పన్నెండు వోల్టుల దాకా జరుపుకునే మీట, నాలుగు రకాల కొనలు. మొదటి గేమ్ బాయ్‌కి ఆరు వోల్టులు, కలర్‌కి మూడు. ఆ మాత్రం తెలుసును. మీటను మూడు మీద పెట్టి, మల్టీమీటరుతో కొలిచాము. లోడు లేనప్పుడు ఇటువంటి చవుక ఎలిమినేటర్లు వ్రాసినదానికంటె ఎక్కువే చూపుతాయి, దానిని కూడా లెక్కలోకి తీసుకున్నాము. చూడనిది ఒక్కటే. ఆ కొనను రెండు విధాలుగా తగిలించవచ్చు. ఒక విధంగా పెడితే లోపలి సూది ధనధ్రువం, తిప్పి పెడితే ఋణధ్రువం. మేము తిప్పి పెట్టాము.

పాఠకులు గమనించవలసినది, మేము పనిచేసేది రక్షణ విభాగంలో. కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు ధ్రువత్వం సరిచూడకుండా రిలేను కలపరాదని కొత్తగా చేరే ఇంజినీర్లకు ఏటేటా మేమే పాఠం చెప్పేవారము.

శబ్దం రాలేదు, పొగ రాలేదు. యంత్రం మీది ఎర్రని చుక్క వెలగలేదు, అంతే. కొన తిప్పి పెట్టాము, సెల్లులు వేసి చూశాము, ఎట్లా చూసినా చలనం లేదు. అమ్మాయి ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడ్వలేదు. "నాన్నా, మీరు ఇంజినీరే కదా?" అన్నది. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినది. ఉద్యోగ జీవితంలో ఎన్నో విచారణ సంఘాల ముందు కూర్చున్నాము. అంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు.

విప్పి చూద్దామంటే మరలు మూడు రెక్కలవి. మామూలు స్క్రూడ్రైవరు పట్టదు. కంపెనీవారు కావాలనే అట్లా చేశారు. చాందినీలో ఒక వృద్ధ మిస్త్రీ ఉన్నాడని తెలిసి పోగా, దుర్గాపూజకు దుకాణం మూసి ఉన్నది. ఆ సెలవులకు ఊరికి పోతూ అమ్మాయి యంత్రాన్ని ఇంట్లో వదలి, కార్ట్రిడ్జిని మాత్రం పిడికిట్లో పట్టుకుని రైలెక్కినది. ఆరు నెలల ఆట దానిలో ఉన్నది. కార్ట్రిడ్జిలో బొత్తాము వంటి లిథియం సెల్లు ఒకటి, ఆటలో ఎక్కడిదాకా వచ్చినదీ గుర్తుంచుకునే మెమరీకి ఆహారం పెడుతూ ఉంటుంది. కనుక యంత్రం పోయినా ఆట పోదని ఎంత నచ్చజెప్పినా, విద్యుత్తు విషయంలో మా మాటకు అప్పటికే విలువ పోయినది. తిరిగి వచ్చిన రోజున రెండవ అంతస్తు అబ్బాయి పాత యంత్రంలో పెట్టి చూసుకుని, అంతా భద్రంగా ఉన్నదని తేలాక గాని అన్నం తినలేదు.

లక్ష్మీపూజ అయిన తరువాత మిస్త్రీ దుకాణం తెరిచాడు. సానబట్టి తానే చేసుకున్న మూడు అంచుల ఉలితో మరలు విప్పి, మీటరు పెట్టి, రెండు నిమిషాలలో తల ఎత్తాడు. "ఫ్యూజు పోయింది ఇంజినీరు బాబూ, అంతే. అది చేయవలసిన పని అది చేసింది." అమ్మాయి మా వంక చూసింది. తీసుకున్న మజూరీ స్వల్పమే. ఎలిమినేటరును కూడా చూపమని అడిగి, కొనను సరైన దిక్కుకు తగిలించి, కదలకుండా చుట్టూ టేపు చుట్టి ఇచ్చాడు. ఆ రాత్రి అమ్మాయి దాని మీద ఒక పట్టీ అతికించినది. పెన్సిలు అక్షరాలు వెలిసిపోయాయి గాని ఇప్పటికీ చదవవచ్చు: "నాన్న ముట్టకూడదు."

ఈ పరివారంలో మరికొన్ని వింత సభ్యులున్నారు. 1998లో వచ్చిన గేమ్ బాయ్ కెమెరా 128 అడ్డం, 112 నిలువు చుక్కలతో నలుపు తెలుపు ఫోటో తీసేది. అంటే 14,336 చుక్కలు. నేటి సాధారణ ఫోనులో కోట్లలో ఉన్నాయి. అయినా అతి చిన్న డిజిటల్ కెమెరాగా 1999 గిన్నిస్ గ్రంథంలో చోటు సంపాదించినది. తోడుగా వచ్చిన ముద్రణ యంత్రం ఆరు సెల్లులు తిని, రెండు వ్రేళ్ళ వెడల్పు కాగితం మీద బొమ్మ వేసేది. గృహిణులకు ఆసక్తి కలిగించేది మరొకటి. సింగర్ వారి ఐజెక్ అనే కుట్టుమిషన్‌కు బుద్ధి గేమ్ బాయ్ నుండే. తీగతో కలిపి, తెర మీద కుట్టును ఎంచుకుంటే మిషన్ ఆ కుట్టు వేసేది. కుట్టుమిషన్ అనగానే ప్రిన్స్ అన్వర్ షా రోడ్డులోని ఉషా కర్మాగారం గుర్తుకు రాక మానదు. ఆ స్థలంలో 2008లో సౌత్ సిటీ మాల్ వెలసినది. నేడు పిల్లలు ఆటయంత్రాలను చూడబోయేది అక్కడికే.

అన్నిటికంటె మా మనస్సును కదిలించినది గ్లూకోబాయ్. మధుమేహం ఉన్న తన కుమారుడు రక్తపరీక్ష మీటరును ఎప్పుడూ పోగొట్టుకుంటూ, గేమ్ బాయ్‌ను మాత్రం ఎన్నడూ పోగొట్టుకోడని పాల్ వెసెల్ అనే తండ్రి గమనించారు. మీటరును గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో దూరే కార్ట్రిడ్జిగా చేయించారు. సకాలంలో పరీక్ష చేసుకుంటే ఆటలో బహుమానాలు. 2007లో ఆస్ట్రేలియాలో విడుదలైనది. తండ్రులందరూ మా వంటివారే కారని దీనివల్ల తెలుస్తున్నది.

2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్‌కూ దీపం లేదు. జనం విసిగి, యంత్రం విప్పి దీపం అమర్చుకునే ఆఫ్టర్‌బర్నర్ అనే సరంజామాను కొనసాగారు. 2003లో సంస్థవారే దీపాన్ని, తిరిగి ఛార్జి చేసుకునే బ్యాటరీని లోపల పెట్టి ఎస్‌పీ రకం తెచ్చారు. ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో తీసుకున్నట్లు ఇయర్‌ఫోను రంధ్రాన్ని తీసివేసి, దానికొక జోడింపు ముక్క అమ్మారు. ఇక తీగల స్థానంలో రేడియో తరంగాలు వచ్చాయి, ఎలిమినేటరు కొనల గొడవ కూడా తీరుతున్నది. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుండి అమ్మే చేతి ఆటయంత్రాలతో సహా అనేక చిన్న సాధనాలకు టైప్-సి రంధ్రమే ఉండాలని చట్టం. ఆ కొనను ఎటు తిప్పి పెట్టినా ధ్రువాలు మారవు. మాకు ఇరవై రెండేండ్లు ఆలస్యంగా అందిన న్యాయం.

పెట్టె దొరికిన రాత్రి కార్ట్రిడ్జిని విప్పి చూశాము. లోపలి సెల్లు 2.6 వోల్టులు చూపినది. ఇంకెంతకాలమో ఉండదు. అది చచ్చిననాడు అమ్మాయి బాల్యపు ఆట తుడిచిపెట్టుకుపోతుంది. మార్చుదామంటే, పాతది ఊడదీసిన క్షణంలోనే తుడిచిపెట్టుకుపోతుంది. మన ఉపకేంద్రంలో స్టేషను బ్యాటరీ మార్చేటప్పుడు ఏమి చేస్తాము? పక్కన మరొక బ్యాటరీని సమాంతరంగా కలిపి, సరఫరా తెగకుండా పాతదాన్ని తప్పిస్తాము. అదే పద్ధతి. రెండు పెన్సిల్ సెల్లులు, వెనుకకు ప్రవాహం పోకుండా ఒక డయోడు, రెండు సన్నని తీగలు. కొత్త సెల్లును రేకులు అతికించినదే కొన్నాము. లిథియం సెల్లుకు నేరుగా సోల్డరింగ్ చేయడం ప్రమాదం, పేలవచ్చు. ప్రతి అతుకుకూ ముందు ఐరన్‌ను వేడిచేసి ప్లగ్గు పీకి పని చేశాము. ధ్రువాలను మూడుసార్లు కొలిచాము. శ్రీమతిని పిలిచి నాల్గవసారి ఆమె చేత కూడా చూపించాము. పదిహేను నిమిషాల పని, చేతులు వణికినవని ఒప్పుకోవడానికి సిగ్గుపడము.

యంత్రంలో సెల్లులు వేసి మీట నొక్కాము. ఎర్రచుక్క వెలిగినది. పాత ఆటను కొనసాగించాలా అని అడిగినది. మాకు ఆట తెలియదు. ఏవో మీటలు నొక్కగా ఆమె పెంచిన జంతువుల జాబితా వచ్చినది. ఆరింటిలో ఐదింటికి మామూలు పేర్లే. ఆరవది విద్యుత్ జాతిది, కోపం వస్తే తానే పేలిపోయే గుండ్రని జీవి. దానికి ఇంగ్లీషు అక్షరాలలో పెట్టిన పేరు ఫ్యూజ్.

హైదరాబాదులో ఉన్న అమ్మాయికి ఆ అర్ధరాత్రే ఫోను చేశాము. ముందు కంగారుపడి, విషయం విని చాలాసేపు నవ్వినది. చాందినీ నుండి వచ్చిన రాత్రే దాన్ని పట్టి ఆ పేరు పెట్టానని, మేము నొచ్చుకుంటామని చూపలేదని చెప్పినది. తరువాత అడిగినది, "సెల్లు ధ్రువాలు ఎవరు చూశారు నాన్నా?"

మూడుసార్లు మేము, ఒకసారి అమ్మ అని చెప్పాము. దసరాకు వచ్చినప్పుడు పెట్టె తీసుకుపోతానన్నది. ఎలిమినేటరును పారవేయమంటావా అని అడిగితే వద్దన్నది, పట్టీని కూడా తీయవద్దన్నది.